మీకు తెలుసా? బాంబర్ల రన్‌వే మీద వెలసిన సైన్సు ఊరు

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, సుద్దరాయి గుట్టల పక్కన, హార్వెల్ అనే చోటు ఉంది. 1937లో అక్కడ రాయల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్లు విమానాశ్రయం తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే సైనికులు వెళ్లిపోయారు, అణు శాస్త్రవేత్తలు దిగారు. బ్రిటన్‌లో ఇలా ఖాళీ అయిన ఎయిర్‌ఫీల్డులు చాలానే ఉన్నాయి. కొన్నిటిని మళ్లీ దున్నేశారు. సిల్వర్‌స్టోన్‌ కార్ల రేసుల ట్రాక్ అయింది. హార్వెల్ దారి మాత్రం వేరు. ఇక్కడ ఒకరు ఖాళీ చేసిన షెడ్డులో ఇంకొకరు కాపురం పెడతారు, పాత యంత్రం తీసేస్తే దాని గదిలోకే కొత్తది వస్తుంది. ఈ పొదుపు తెలిస్తే ఆ ఊరి సైన్సు కథ సగం తెలిసినట్టే.

హ్యాంగర్‌ను చూసి స్థలం ఖాయం చేశారు

1945 అక్టోబరులో ప్రధాని అట్లీ అణుశక్తి పరిశోధన కేంద్రం పెడుతున్నామని ప్రకటించేనాటికి బ్రిటన్ ఖజానా అడుగంటింది. ఇటుకకూ ఉక్కుకూ కటకటే. కొత్తగా భవనాలు కట్టడమంటే ఏళ్ల మాట. ఎయిర్‌ఫీల్డులో అయితే అన్నీ సిద్ధంగా ఉన్నాయి: రోడ్లు, కరెంటు, నీళ్లు, ఉండటానికి బ్యారక్‌లు, తినడానికి మెస్సు, చుట్టూ కంచె. అన్నిటికన్నా ముఖ్యం నాలుగు పెద్ద హ్యాంగర్లు. మధ్యలో ఒక్క స్తంభం ఉండదు, కప్పు ఎత్తులో ఉంటుంది, నేల విమానాల బరువు మోయడానికి వేసిన కాంక్రీటు. ఓ అణు రియాక్టర్‌ను పేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? పైగా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దగ్గరే, జనం ఒత్తిడి లేదు.

1946 జనవరి 1న పరిశోధన కేంద్రం మొదలైంది. డైరెక్టరు జాన్ కాక్‌క్రాఫ్ట్. 1932లో కేంబ్రిడ్జిలో వాల్టన్ అనే సహచరుడితో కలిసి, తాము తయారుచేసిన యంత్రంతో లిథియం కేంద్రకాన్ని చీల్చిన మనిషి. ఆ పనికే 1951లో వీళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

సిబ్బందికి ఇళ్లు? అల్యూమినియంతో చేసిన రెడీమేడ్ ఇళ్లు తెచ్చి వరుసలుగా నిలబెట్టారు. యుద్ధం ఆగి పని తగ్గిన విమాన కర్మాగారాల్లో ఇలాంటి ఇళ్లు తయారయ్యేవి. అంటే ఎయిర్‌ఫీల్డుకు విమానాలు రావడం మానేసినా, విమానాలు చేసిన చేతులు చేసినవి వస్తూనే ఉన్నాయి.

నార్మండీకి ముందుగా వెళ్లినవాళ్లు ఇక్కడి నుంచే ఎగిరారు

యుద్ధం మొదట్లో హార్వెల్ బాంబర్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే స్థావరం. వెల్లింగ్టన్ విమానాలు తిరిగేవి. 1944 కల్లా పారాచూట్ సైనికుల్ని మోసే ఆల్బెమార్ల్ విమానాలు వచ్చాయి. ఫ్రాన్సు తీరంలోని నార్మండీ మీద దాడికి జూన్ 5 రాత్రి ఈ రన్‌వే మీద నుంచి లేచిన కొన్నిటిలో దారి చూపే దళం ఉంది. తర్వాత దిగే వేల మందికి చీకట్లో దిగాల్సిన చోటు తెలిసేలా దీపాలు, రేడియో పరికరాలు అమర్చడం వీళ్ల పని. రన్‌వే చివర ఉన్న స్మారక శిల, ప్రధాన దాడిలో నార్మండీ నేల మీద దిగిన మొదటి బ్రిటిష్ సైనికులు ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లేనని చెబుతుంది. టారంట్ రష్టన్ ఎయిర్‌ఫీల్డు నుంచి గ్లైడర్లలో బయల్దేరి, అర్ధరాత్రి దాటిన 16వ నిమిషానికి ఓ వంతెన పక్కన దిగినవాళ్ల అభిమానులు దీనికి ఒప్పుకోరు. నిమిషాల తేడా. తీర్పు చెప్పడం నా వల్ల కాదు.

1947 ఆగస్టు 15న అక్కడ కూడా ఒక పండగే

ఢిల్లీలో మువ్వన్నెల జెండా ఎగిరిన రోజునే హార్వెల్‌లోని 10వ నంబరు హ్యాంగర్‌లో పశ్చిమ ఐరోపాలోని మొట్టమొదటి అణు రియాక్టర్ పని మొదలుపెట్టింది. ఎవరూ కావాలని పెట్టిన ముహూర్తం కాదు, ఉత్త కాకతాళీయం. ఐరోపా మొత్తంలో మొదటిది కాకపోవడానికి కారణం, 1946 డిసెంబరులోనే మాస్కోలో సోవియట్ రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టడమే.

దీని పేరు గ్లీప్. గ్రాఫైట్ దిమ్మెల్ని గుట్టగా పేర్చి, వాటిలోని రంధ్రాల్లో అల్యూమినియం తొడిగిన యురేనియం కడ్డీలు దూర్చారు. యురేనియం చీలినప్పుడు వెలువడే న్యూట్రాన్ల వేగాన్ని గ్రాఫైట్ తగ్గిస్తుంది. నెమ్మదించిన న్యూట్రాన్ ఇంకో యురేనియం కేంద్రకాన్ని చీల్చే అవకాశం ఎక్కువ. అలా గొలుసు సాగుతుంది. గ్లీప్ ఎక్కువ కాలం నడిచిన శక్తి 3 కిలోవాట్లు. మన బాత్రూంలో గీజరు లాగే కరెంటంత అనుకోండి. అంత తక్కువకు ఇన్ని హంగులెందుకు అనిపిస్తుంది. గ్లీప్ పని శక్తి ఉత్పత్తి కాదు, తూకం. కర్మాగారం నుంచి వచ్చిన గ్రాఫైట్, యురేనియం ఎంత శుద్ధమైనవో దానిలో పెట్టి చూసేవాళ్లు. బోరాన్ వంటి మలినం రవ్వంత ఉన్నా న్యూట్రాన్లను మింగేస్తుంది, రియాక్టర్ వేగం ఆ మేరకు తగ్గుతుంది, దొంగ సరుకు దొరికిపోతుంది. తర్వాత కట్టబోయే పెద్ద రియాక్టర్లకు పంపే సరుకు మంచిదో కాదో ఇదే తేల్చింది.

తక్కువ శక్తి వల్ల ఇంకో లాభం: ఇది పెద్దగా చెడిపోనూ లేదు, పెద్దగా రేడియోధార్మికం కానూ లేదు. 1990 దాకా, 43 ఏళ్లు నడిచింది. హడావుడి చేసిన రియాక్టర్లు చాలా దీని కళ్ల ముందే పుట్టి దీనికంటే ముందే మూతపడ్డాయి.

అణు వేడితో ఆఫీసు గదులు

గ్లీప్ పక్కనే 1948 జులై 3న బెపో అనే పెద్ద రియాక్టర్ మొదలైంది. శక్తి 6 మెగావాట్లు. దీన్ని గాలితో చల్లబరిచేవాళ్లు. వేడెక్కిన గాలి పొడవాటి చిమ్నీలోంచి ఆకాశంలోకి పోయేది. చలిదేశంలో అంత వేడి ఊరికే పోతుంటే ఎవరి మనసు ఊరుకుంటుంది? 1951లో దానిలో కొంత పట్టి నీళ్లు కాచి పక్క భవనాలకు పంపారు. ఆఫీసులో కూర్చున్న గుమస్తాకు వెచ్చదనం ఇచ్చిన మొదటి అణుశక్తి ఇదే అనొచ్చు. మందులకూ పరిశ్రమలకూ కావాల్సిన రేడియో ఐసోటోపులు కూడా ఇందులో తయారయ్యాయి. 1968లో ఆగిపోయింది.

కాక్‌క్రాఫ్ట్ పిచ్చిపని

గాలితో చల్లబరిచే ఇదే పద్ధతిలో, ఇంగ్లండులోనే విండ్‌స్కేల్ అనే చోట, ప్లుటోనియం తయారీకి రెండు పెద్ద రియాక్టర్లు కడుతుండగా కాక్‌క్రాఫ్ట్ అడ్డం తిరిగాడు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ రియాక్టర్ చుట్టుపక్కల రేడియోధార్మిక రేణువులు కనబడ్డాయని విని, చిమ్నీల మీద వడపోతలు పెట్టాల్సిందేనన్నాడు. అప్పటికే చిమ్నీలు లేస్తున్నాయి. వడపోతల్ని అడుగున అమర్చే వీలు లేక నెత్తి మీదే పెట్టాల్సి వచ్చింది. డబ్బు దండగ, పని ఆలస్యం అని ఇంజినీర్లు వాటికి ‘కాక్‌క్రాఫ్ట్ పిచ్చిపని’ అని పేరు పెట్టారు. 1957 అక్టోబరులో విండ్‌స్కేల్‌లో ఒక రియాక్టర్‌కు నిప్పంటుకుంది. ఆ వడపోతలు అడ్డుపడకపోతే పొలాల మీదికి, పశువుల మీదికి ఇంకెంత విషం పడేదో. ఎగతాళి పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది.

కంచె లోపలే గూఢచారి

హార్వెల్‌లో సిద్ధాంత భౌతికశాస్త్ర విభాగానికి అధిపతి క్లాస్ ఫుక్స్. జర్మనీ నుంచి నాజీల బారి తప్పించుకుని వచ్చిన మనిషి, అమెరికాలో లాస్ ఆలమోస్‌లో అణుబాంబు తయారీలో పనిచేసినవాడు. హార్వెల్‌లో అతనికి మంచి పేరు. 1947లో ఏయే అణు రహస్యాలు బయటపెట్టవచ్చో తేల్చడానికి వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో, ఏమీ బయటపెట్టకూడదని గట్టిగా వాదించినవాళ్లలో ఫుక్స్ ఒకడు. ఆ రహస్యాల్లో ముఖ్యమైనవాటిని అప్పటికే మాస్కోకు చేరవేసింది కూడా అతనే.

సోవియట్ సంకేత సందేశాల్ని అమెరికన్లు విప్పడంతో అనుమానం అతని మీదికి మళ్లింది. కోర్టులో పెట్టదగ్గ ఆధారం మాత్రం లేదు. సందేశాలు విప్పామని చెప్పుకోవడం కుదరదు కదా. కబుర్లలోకి దింపి, నెమ్మదిగా నమ్మకం సంపాదించి, బ్రిటిష్ నిఘా సంస్థ ఎంఐ5 అధికారి విలియం స్కార్డన్ 1950 జనవరిలో అతని నోటితోనే నిజం చెప్పించాడు. మార్చి 1న 14 ఏళ్ల శిక్ష పడింది. మరణశిక్ష ఎందుకు కాదంటే, రహస్యాలు అందుకున్న సోవియట్ యూనియన్ ఆనాటికి శత్రుదేశం కాదు, యుద్ధంలో మిత్రదేశం. కాబట్టి దేశద్రోహం కింద కేసు నిలవదు. అధికార రహస్యాల చట్టం కింద గరిష్ఠ శిక్షే వేశారు. 1959లో విడుదలై తూర్పు జర్మనీకి వెళ్లి, అక్కడ మళ్లీ భౌతికశాస్త్రమే చేసుకున్నాడు.

ఇది చల్లారకముందే ఇంకో దెబ్బ. హార్వెల్‌లోనే పనిచేసిన ఇటలీ శాస్త్రవేత్త బ్రూనో పొంటెకోర్వో 1950 వేసవిలో సెలవుల మీద సొంత దేశం వెళ్లి, అటు నుంచి అటే భార్యాపిల్లలతో ఫిన్లాండ్ మీదుగా సోవియట్ యూనియన్‌లో తేలాడు. న్యూట్రినోల మీద అతను తర్వాత చేసిన ఊహలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. అతను గూఢచారా కాదా అన్న వాదన ఇంకా తెగలేదు. ఫుక్స్ విషయంలో ఆ గొడవ లేదు, స్వయంగా ఒప్పుకున్నాడు.

గణితజ్ఞుడితో పందెం కాసిన కంప్యూటర్

నాకు ఈ ఊరి వస్తువుల్లో బాగా నచ్చింది ఇదే. రియాక్టర్ లెక్కలు చేయడానికి బల్ల మీది యంత్రాల ముందు కూర్చుని రోజంతా మీటలు నొక్కే మనుషులుండేవాళ్లు. విసుగు పుట్టించే పని, తప్పులు దొర్లే పని. ముగ్గురు ఇంజినీర్లు దీనికి విరుగుడుగా 1951 నాటికి ఓ కంప్యూటర్ తయారుచేశారు. బరువు 2.5 టన్నులు. ఇప్పటి కంప్యూటర్లలా సున్నా, ఒకటితో కాదు, మన వేళ్ల లెక్కలాగే పది అంకెలతో పనిచేస్తుంది. డెకట్రాన్ అనే గాజు గొట్టంలో నారింజ రంగు చుక్క ఒకటి పది స్థానాల మీదుగా గుండ్రంగా కదులుతుంది. చుక్క ఎక్కడ ఆగితే అదీ అంకె. అంటే కంప్యూటర్ జ్ఞాపకంలో ఏముందో కళ్లతో చదువుకోవచ్చు.

వేగం మాత్రం అడక్కండి. ఒక్క గుణకారానికి 5 నుంచి 10 సెకన్లు. ఒకసారి ఓ గణితజ్ఞుడు బల్ల యంత్రంతో దాని పక్కన కూర్చుని పోటీకి దిగాడు. దాదాపు అరగంట దానితో సమానంగా నడిచాడు. తర్వాత అలసిపోయి లేచాడు. యంత్రం తన పాటికి తాను లెక్క వేసుకుంటూనే ఉంది. దాని గొప్పతనం అంతా ఆ మొండితనమే. క్రిస్మస్ సెలవులకు కాగితం టేపు నిండా లెక్కలు ఎక్కించి తలుపులేసుకుని పోతే, పది రోజుల తర్వాత వచ్చి చూసినా టకటకలాడుతూనే ఉందట.

ఇంకా వేగమైనవి వచ్చాక 1957లో కాలేజీల మధ్య పోటీ పెట్టి, గెలిచిన వుల్వర్‌హాంప్టన్ కాలేజీకి దాన్ని ఇచ్చేశారు. అక్కడ విద్యార్థులు 1973 దాకా దాని మీద నేర్చుకున్నారు. తర్వాత మ్యూజియానికి, ఆపైన విడి ముక్కలై గోదాముకు. బ్లెచ్లీ పార్క్‌లోని కంప్యూటింగ్ మ్యూజియం వాళ్లు వాటిని కూర్చి 2012 నవంబరులో మళ్లీ నడిపించారు. అసలు విడిభాగాలతో పనిచేస్తున్న డిజిటల్ కంప్యూటర్లలో ప్రపంచంలోకెల్లా పాతది ఇదే.

సూర్యుణ్ని పట్టేశామనుకున్న నాలుగు నెలలు

7వ నంబరు హ్యాంగర్‌లో 1957లో జీటా అనే యంత్రం నడిచింది. లక్ష్యం హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి సూర్యుడి లోపల జరిగే పనిని భూమి మీద జరిపించడం. గుండ్రటి గొట్టంలో డ్యూటీరియం అనే బరువైన హైడ్రోజన్ వాయువు నింపి, దానిలో భారీ విద్యుత్తు పంపితే వాయువు వేడెక్కి ప్లాస్మాగా మారి నడిమికి నొక్కుకుంటుంది. న్యూట్రాన్లు వెలువడ్డాయి! 1958 జనవరిలో పత్రికల వాళ్లను పిలిచారు. ఇవి కేంద్రకాలు కలవడం వల్ల వచ్చినవేనా అని అడిగితే, 90 శాతం నమ్మకమని కాక్‌క్రాఫ్ట్ జవాబిచ్చాడు. మిగతా 10 శాతాన్ని ఏ పత్రికా పట్టించుకోలేదు. సముద్రపు నీటి నుంచి అంతులేని కరెంటు అని పతాక శీర్షికలు వచ్చాయి.

మే నెల కల్లా నీరుగారిపోయింది. న్యూట్రాన్లు నిజమే, కానీ వాయువు మొత్తం వేడెక్కి పుట్టినవి కావు. ప్లాస్మాలో రేగిన అస్థిరతలు కొన్ని కేంద్రకాలను మాత్రం విసురుగా తోయడం వల్ల పుట్టినవి. వేడిని సరిగ్గా కొలవలేకపోవడమే అసలు లోపం. ఆ దెబ్బ తిన్నవాళ్లు, కొలవడం ఎలాగో నేర్చుకున్నారు. లేజర్ కాంతిని ప్లాస్మాలోకి పంపి, ఎలక్ట్రాన్లు దాన్ని ఎలా చెదరగొడుతున్నాయో చూసి ఉష్ణోగ్రత చెప్పే పద్ధతిలో ఆరితేరారు. 1969లో బ్రిటిష్ బృందం ఒకటి ఆ పరికరాలన్నీ పెట్టెల్లో సర్దుకుని మాస్కో వెళ్లింది. కేంద్రకాలు కలపడానికే కట్టిన టొకమాక్ అనే యంత్రంలో తాము సాధించామంటున్న వేడి నిజమేనని రష్యన్లు చెబితే ప్రపంచం నమ్మలేదు. బ్రిటిష్ వాళ్లు కొలిచి నిజమేనన్నాక నమ్మింది. అప్పటి నుంచి అందరూ టొకమాక్‌ల వెంటే పడ్డారు. ప్రచ్ఛన్న యుద్ధం నడిమధ్యలో జరిగిన పని అది.

మూడు రంగుల పిల్లి ఆడదే ఎందుకవుతుంది?

అణు కేంద్రానికి ఆనుకుని 1947లో రేడియేషన్ జీవుల మీద ఏం చేస్తుందో చూసే వైద్య పరిశోధన విభాగం పెట్టారు. అక్కడ ఎలుకల్ని పెంచేవాళ్లు. మేరీ లయన్ అనే శాస్త్రవేత్త కొన్ని ఆడ ఎలుకల వెంట్రుకలు మచ్చలు మచ్చలుగా ఉండటం గమనించి 1961లో ఓ ఊహ చెప్పారు: ఆడ జీవి ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి, వాటిలో ఒకటి పిండ దశలోనే మూగబోతుంది, ఏది మూగబోవాలన్నది కణం కణానికీ చీటీ తీసినట్టే. నలుపు, నారింజ, తెలుపు కలిసిన పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడపిల్లి కావడానికి ఇదే కారణం. నారింజా నలుపా అని నిర్ణయించే జన్యువు ఎక్స్ మీదే ఉంది. బాంబుల భయంతో పెట్టిన విభాగం పిల్లి చర్మం గుట్టు విప్పింది.

మరికొన్ని, త్వరగా

మన దేశపు మొదటి రియాక్టర్ అప్సర 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టినప్పుడు, దానిలోని ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. హోమీ భాభా, కాక్‌క్రాఫ్ట్ కేంబ్రిడ్జి కావెండిష్ లాబరేటరీ రోజుల నాటి పరిచయస్తులు.

1979 నాటి ‘ఏలియన్’ సినిమాలో అంతరిక్ష నౌక దిగేటప్పుడు తెర మీద కొండల ఆకారం గీతలుగా కదులుతుంది. ఆ బొమ్మలు ఈ ప్రాంగణం పక్కనున్న అట్లాస్ కంప్యూటర్ లాబరేటరీలో తయారయ్యాయి.

జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌లోని మిరి అనే పరారుణ పరికరాన్ని ఇక్కడే కూర్చి, పరీక్షించి 2012లో నాసాకు పంపారు.

పాత సామానుతో న్యూట్రాన్ కార్ఖానా

1957లో పక్కనే వచ్చిన రూథర్‌ఫర్డ్ లాబరేటరీలో నిమ్రోడ్ అనే ప్రోటాన్ యంత్రం ఉండేది. దాని అయస్కాంతం ఒక్కటే 7,000 టన్నులు. 1978లో ఆపేశాక ఆ హాళ్లలోనే ఐసిస్ అనే న్యూట్రాన్ కేంద్రం అమర్చారు. కొన్ని భాగాలు నిమ్రోడ్ కోసం తయారవుతున్నవి, కొన్ని డేర్స్‌బరీలో మూతపడిన మరో యంత్రానివి. ప్రోటాన్లను 163 మీటర్ల వలయంలో పరిగెత్తించి సెకనుకు 50 సార్లు టంగ్‌స్టన్ లాంటి బరువైన లోహం మీద కొడితే న్యూట్రాన్లు చిమ్ముతాయి. 1984 డిసెంబరులో మొదటి న్యూట్రాన్లు వచ్చాయి.

విమానాల రెక్కల్లో వెల్డింగు ఎక్కడ బలహీనమో కోయకుండానే ఇక్కడ చూడొచ్చు. ఇంకొక చోట చిప్‌లకు పరీక్ష: ఆకాశంలో ఎగిరే విమానాల ఎలక్ట్రానిక్స్‌కు అంతరిక్ష కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు తగిలి లెక్కలు తప్పుతుంటాయి. వంద ఏళ్లకు పైగా తగిలేంత న్యూట్రాన్ వానను ఇక్కడ ఒక్క గంటలో కురిపిస్తారు.

బూడిదలో దాక్కున్న పుస్తకం

2007లో తెరిచిన డైమండ్ లైట్ సోర్స్ చుట్టుకొలత 561.6 మీటర్లు. ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతూ, అయస్కాంతాల దగ్గర వంపు తిరిగినప్పుడల్లా ఎక్స్‌రేలు విసురుతాయి. ప్రకాశం సూర్యుడి కంటే వెయ్యి కోట్ల రెట్లు. చూడటానికి గుండ్రంగా కనిపించినా ఆ దారి నిజంగా వృత్తం కాదు, ఎన్నో తిన్నని ముక్కలు కలిపిన బహుభుజి.

క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు హెర్క్యులేనియం పట్టణంలో ఓ గ్రంథాలయం కాలి బొగ్గయింది. పాపిరస్ చుట్టలు విప్పబోతే పొడి రాలుతుంది. పారిస్‌లో ఉన్న రెండు చుట్టల్ని 2019లో ఇక్కడికి తెచ్చి ఎక్స్‌రే తీశారు. సిరా కూడా కార్బనే, పాపిరస్ కూడా కార్బనే, కాబట్టి అక్షరాలు కంటికి కనబడవు. ఆ చిత్రాల్ని అందరికీ ఇచ్చి బహుమతి ప్రకటిస్తే, 2023లో కుర్ర విద్యార్థులు యంత్రాభ్యాసంతో ‘ఊదారంగు’ అనే గ్రీకు మాటను పట్టుకున్నారు. ఆ తర్వాత 2,000కు పైగా అక్షరాలు బయటపడ్డాయి. తిండి, సుఖం గురించిన తాత్విక చర్చ అది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయపు చుట్టను 2024లో తెచ్చి చూస్తే, మరుసటి ఏడు దాని రచయిత ఫిలోడిమస్ అనీ, పుస్తకం దుర్గుణాల గురించనీ తేలింది.

పక్క ఊళ్ల సంగతి

హార్వెల్ ఒంటరిది కాదు. హ్యాంప్‌షైర్‌లో చిల్బోల్టన్ ఎయిర్‌ఫీల్డులో 1967 నుంచి 25 మీటర్ల డిష్ ఆంటెనా వాన మబ్బుల్ని గమనిస్తోంది. హార్వెల్‌కు అతి దగ్గరలో, నౌకాదళపు విమానాశ్రయంగా ఉన్న కల్హామ్‌లో 1960 దశకంలో కేంద్రక సంలీన ప్రయోగశాల వచ్చింది, హార్వెల్‌లోని సంలీన పరిశోధన అక్కడికే మారింది. జెట్ అనే టొకమాక్ 1983 నుంచి 2023 డిసెంబరు దాకా అక్కడ నడిచింది. ఆఖరి ఏడు అక్టోబరులో ఒక్క ప్రయోగంలో 69 మెగాజూళ్ల శక్తి ఇచ్చింది. ఇప్పుడు రోబోలతో దాన్ని ముక్క ముక్కగా విప్పుతున్నారు. దాని తర్వాతి తరం నమూనా విద్యుత్ కేంద్రానికి వెతికి వెతికి ఎంచుకున్న స్థలం నాటింగ్‌హామ్‌షైర్‌లోని వెస్ట్ బర్టన్. ఈసారి ఎయిర్‌ఫీల్డు కాదు, మూతపడిన బొగ్గు విద్యుత్ కేంద్రం. గ్రిడ్ తీగలు, కూలింగ్ నీళ్లు అప్పటికే ఉన్నాయి.